తూకమును నిందయు: కౌమార స్థూలకాయమును గూర్చి ఒక స్మారకోపన్యాసము



ఏ మహనీయుని స్మృత్యర్థమై ఈ సభ జరుగుచున్నదో ఆ వైద్యులు నాకు గురువులు. తమ పేరిట శిలాఫలకము గాని విగ్రహము గాని వద్దనియు, తమ్ము తలచుకొని మాటలాడగోరువారు రోగులనుగూర్చి మాటలాడిన చాలుననియు ఆయన చెప్పియుండుటచేత, నిర్వాహకులు ఆయన పేరైనను అచ్చువేయక ఈ సభను నడుపుచున్నారు. ఆ ఆజ్ఞను నేనును మీరను. అయినను ఆయన వైద్యశాలలోని ఒక వస్తువును ప్రస్తావించి ప్రసంగమును ఆరంభించుట ఆజ్ఞోల్లంఘనము కాదని తలంతును. ఆ వస్తువు ఒక తూకపు యంత్రము. ఆ కాలమున తక్కిన వైద్యశాలలలో అది వసారాలో, వేచియున్న జనుల నడుమ నుండెడిది. కాంపౌండరు ముల్లు చూచి అంకెను బిగ్గరగా చదువుటయు, బల్లలపై కూర్చున్నవారందరు తలలెత్తి ఆ యంత్రముపై నిలిచిన పిల్లవానిని తేరిపార చూచుటయు నిత్యకృత్యములు. మా గురువుగారు మాత్రము దానిని లోపలి గదిలో తెరచాటున పెట్టించి, అంకెను చీటిపై వ్రాసి మడిచి తమ చేతికి ఇమ్మనెడివారు. శిష్యుడనై యున్న దినములలో అది నాకు చాదస్తముగా తోచినది. ఆ తెర యెందుకో తెలిసికొనుటకు నాకు చాల యేండ్లు పట్టినది. తెలిసినంత మేరకు ఆ సంగతిని నేడు మీకు విన్నవింతును.

మొదట మాటను పరిశీలింతము. లావు అను పదమును నేడు మనము దేహపు మందమునకే వాడుచున్నాము గాని, పూర్వకవుల వాడుకలో దానికి బలమను అర్థము ప్రసిద్ధము. పోతన భాగవతమున మకరితో పోరి యలసిన గజేంద్రుడు తన లావు ఉడిగినదని మొరపెట్టుకొనునపుడు, ఆ గజరాజు తాను చిక్కిపోయితినని వాపోవుట లేదు. తన శక్తి నశించినదని చెప్పుకొనుచున్నది. బలమునకు పేరైన పదము కొవ్వునకు పేరగుట భాషాశాస్త్రజ్ఞునకు అర్థపరిణామము; సమాజమును పరికించువానికి అది అభిప్రాయ పరిణామము కూడ. పంట యొక యేడు పండి రెండేండ్లు ఎండిన దేశములో నిండైన దేహము కలిమికి గుర్తు, ఆరోగ్యమునకు సాక్షి; "చిక్కిపోయావేమిటి నాయనా" అను పలుకు అక్కరకును ఆప్యాయతకును ఆనవాలు. ఆ యెరుకతోనే తరతరాల తల్లులు గిన్నె చంకబెట్టుకొని, చందమామను చూపి, ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద యని బతిమాలి పెట్టిరి.

ఈ పరిణామము ఒక జాతి చరిత్రలోనే కాక ఒక్క బిడ్డ జీవితములోను పది యేండ్లలో జరిగిపోవుచున్నది. మూడేండ్ల వయస్సున బొద్దుగా నున్న పిల్లను చుట్టపక్కాలు చంకలు మార్చి ఎత్తుకొందురు, బుగ్గ పుణుకుదురు, దృష్టి తగులునని నల్లచుక్క పెట్టుదురు. పదమూడవ యేట అదే బుగ్గను చూచి అదే మేనత్త, "ఏమిటే, ఇట్లా ఒళ్ళు చేశావు? రేపు నిన్నెవరు చేసుకుంటారే?" అని పదిమందిలో అడుగును. మగపిల్లవానికి బడిలో బొండామనియో, బస్తా యనియో, గున్నయేనుగనియో పేరు పడును. హాజరు పట్టీలోని పేరు ఉపాధ్యాయునకు తప్ప మరెవ్వరికిని జ్ఞాపకముండదు. పెట్టిన చేయియే వేలెత్తి చూపుచున్నది. బిడ్డ చేసిన క్రొత్త తప్పేమియు లేదు. ఏ గుణమును మెచ్చి పెంచితిమో ఆ గుణమునే నేరముగా లెక్కించు వయస్సునకు ఆమె వచ్చినది, అంతే.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమును ఎరుగనివారు కారు. చరకసంహిత సూత్రస్థానమున అష్టౌనిందితీయమను అధ్యాయము కలదు. మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు, ఒడలెల్ల రోమములు గలవాడు, రోమములే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి స్థూలుడు, మిక్కిలి కృశుడు – ఈ యెనమండుగురును లోకమున నిందితులని చెప్పి, వారిలో స్థూలకృశులను ప్రత్యేకముగా తీసికొని ఆ గ్రంథము చికిత్సను విచారించినది. అతిభోజనము, గురుమధురస్నిగ్ధ పదార్థముల సేవనము, వ్యాయామ రాహిత్యము, పగటినిద్ర – ఈ కారణములను నేటి వైద్యుడును ఒప్పుకొనును. తల్లిదండ్రుల బీజస్వభావము కూడ కారణమని ఆ గ్రంథము చెప్పుట చూచి అతడు ఆశ్చర్యపడును. కాని ఆ పట్టికలో మరి రెండు కలవు: ఎడతెగని సంతోషము, చింత లేకుండుట. కావుననే చికిత్సలో జాగరణముతోను వ్యాయామముతోను పాటు చింతనము కూడ విధింపబడినది. లావైనవాడు నిశ్చింతుడు, నవ్వించువాడు, నవ్వబడువాడు, ఎన్ని యన్నను మనసున పెట్టుకొననివాడు అను భావము మన నాటకములలోను చలనచిత్రములలోను నేటికిని చెల్లుబడి యగుచున్నది. పై పట్టికలో తక్కిన కారణములు కాలమునకు నిలిచినవి. కౌమారవయస్కుల విషయమున ఈ నిశ్చింతత నిలుచునా యనునదే నేటి ప్రశ్న.

నిందకు ముందు కొలత రావలెను గదా. కొలత మాట కొంచెము చెప్పుదును. 1832లో బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ క్వెటెలె యను గణితఖగోళజ్ఞుడు, జనసమూహములలో సగటు మనుజుని స్వరూపమును లెక్కలచే నిర్ణయింపబూని, ఎదిగిన మనుష్యుల బరువు వారి ఎత్తు యొక్క వర్గమును అనుసరించి పెరుగునని గుర్తించెను. 140 ఏండ్ల పిమ్మట, 1972లో, అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఆ నిష్పత్తికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరిడెను. నేడు మనము బీఎంఐ యని పిలుచునది ఇదియే. ఒక్కొక్క మనిషికి తీర్పు చెప్పుటకై పుట్టిన కొలత కాదు గనుక, దానిని ఎదుగుచున్న పిల్లలకు వాడునపుడు మిక్కిలి మెలకువ అవసరము. వయస్సును బట్టి, ఆడమగ భేదమును బట్టి గీతలు వేరు. అందుకై ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుండి 19 ఏండ్ల వారికి 2007లో ప్రమాణ పటములను సిద్ధము చేసినది. మన దేశీయులకు తక్కువ బరువుననే మధుమేహాదులు కలుగుట గమనించి, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు 2015లో, పెద్దలలో 23, 27 అను బీఎంఐ అంకెలకు సరితూగు గీతలతో, 5 నుండి 18 ఏండ్ల భారతీయ బాలబాలికలకు వేరు పటములను రచించిరి.

ఆ కొలతలు చెప్పు సంఖ్యలు ఉపేక్షింపదగినవి కావు. ప్రపంచమున 5 నుండి 19 ఏండ్ల వారిలో అధిక బరువు గలవారు 1990లో నూటికి 8 మంది కాగా 2022 నాటికి 20 మంది యైరి. వీరిలో స్థూలకాయులే 16 కోట్లు. భారతదేశమున ఆ వయస్సు స్థూలకాయులు 1990లో సుమారు 4 లక్షలుండగా, 2022లో సుమారు కోటి 25 లక్షలని 2024లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన అంచనా. అయినను 2016–18 నడుమ జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో, మన దేశపు కౌమారవయస్కులలో నూటికి 24 మంది వయస్సునకు తగిన పుష్టి లేనివారుగాను, 5 మంది అధిక బరువు గలవారుగాను తేలిరి. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణకై రాబర్టు మెక్‌కారిసన్ నెలకొల్పిన చిన్న శాఖ, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, పిమ్మట జాతీయ పోషకాహార సంస్థయై, లోపములనుగూర్చి పరిశోధించిన ఆ చేతులతోనే నేడు ఆధిక్యములనుగూర్చియు వ్రాయవలసి వచ్చుచున్నది. చరకుడు ఒకే అధ్యాయమున కూర్చిన స్థూలుడును కృశుడును నేడు మన బడులలో ఒకే బల్లపై కూర్చున్నారు.

ఇక మనస్సు మాట. ఆధునిక వైద్యమున స్థూలకాయమునకును మనస్సునకును గల ముడిని మొదట శ్రద్ధగా విప్పజూచినవారిలో హిల్డె బ్రూక్ ముఖ్యురాలు. జర్మనీలో పుట్టి, హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లో దేశము విడిచి, మరుసటి యేట న్యూయార్కు చేరిన ఈ శిశువైద్యురాలు, అచటి వీథులలోను వైద్యశాలలోను లావైన పిల్లలు పెక్కుమంది కానవచ్చుట చూచి విస్మయపడెను. ఆ కాలపు వైద్యులు దానిని గ్రంథుల దోషమని చెప్పి గ్రంథిరసములు ఎక్కించుచుండిరి. ఆమె ఆ పిల్లలను పరీక్షించి, పెక్కుమందిలో గ్రంథిదోషము లేదని తేల్చి, వారి యిండ్లకు పోయి తల్లులతో మాటలాడెను. శిశువు ఏడ్చునపుడెల్ల – ఆకలికైనను, భయమునకైనను, తడిసిన బట్టకైనను, ఊరకే తోడు కోరియైనను – తల్లి ఒక్క ఆహారముతోనే సమాధానపరచినచో, ఆ బిడ్డ ఎదిగిన పిమ్మట తన లోపలి బాధలలో ఆకలి యేదో, కానిదేదో వేరుపరుపజాలకుండునని ఆమె సిద్ధాంతము. ఆకలిని ఎరుగుట కూడ నేర్వవలసిన విద్యయే యని దీని భావము. తల్లులపైనే ఇంత భారము మోపుట సబబా యను ఆక్షేపణ దానిపై కలదు, అది న్యాయమైనదే. అయినను పరీక్షలో మార్కులు తగ్గిన సాయంత్రము, స్నేహితుడు పలుకని రోజు, తల్లిదండ్రులు పోట్లాడుకొన్న రాత్రి వంటింటి డబ్బాల మూతలు తీయు పిల్లలను చూచినపుడెల్ల నాకు ఆమె మాట జ్ఞాపకము వచ్చుచునే యుండును.

స్థూలకాయము వలన మనసు కుంగునా, మనసు కుంగుట వలన దేహము పెరుగునా? ఈ ప్రశ్నకు ఒకనాటి పరీక్ష చాలదు. ఏండ్ల తరబడి అవే మనుష్యులను వెన్నంటి చూడవలెను. 2002లో గుడ్‌మన్, విటేకర్ అను ఇద్దరు పరిశోధకులు తొమ్మిదివేలకు పైబడిన అమెరికా విద్యార్థులను ఏడాది యెడముతో రెండుమారులు పరిశీలింపగా, మొదట మనసు కుంగియున్నవారు మరుసటి యేట స్థూలకాయులగు అవకాశము రమారమి రెట్టింపుగా కనబడినది. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు, సుమారు 58 వేలమందిపై జరిగిన 15 దీర్ఘకాల పరిశీలనలను ఒకచోట చేర్చి లెక్కింపగా, స్థూలకాయులకు కుంగుబాటు కలుగు అవకాశము 55 శాతము, కుంగుబాటు గలవారికి స్థూలకాయము కలుగు అవకాశము 58 శాతము హెచ్చని తేలినది. ఆ పరిశీలనలు పిల్లలకే పరిమితమైనవి కావు. ప్రతి లావైన బిడ్డయు కుంగియుండునని వాని యర్థమును కాదు. ఎందరో హాయిగానే పెరుగుదురు. కాని త్రోవ ఇరువైపుల నడచునదని మాత్రము ఒప్పుకొనక తప్పదు. విత్తు ముందా చెట్టు ముందా యని వాదించుచు కూర్చున్న వైద్యుడు ఈ రోగికి కొరగాడు.

ఈ రాకపోకలకు దేహములోనే బాటలున్నవి. మనసు చాలకాలము కలత నొందియున్నప్పుడు మూత్రపిండములపై నుండు గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును అధికముగా విడుచును. అది తీపిపైని, కొవ్వుపైని కోరికను రేపుటయే కాక కడుపు చుట్టు కొవ్వు పేరుకొనుటకు తోడ్పడును. నిద్ర తగ్గిన కొలది ఆకలిని అదుపు చేయు హార్మోనులు తారుమారగును. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ అను హార్మోనును కనుగొనిన పిమ్మట, కొవ్వు మూగగా పడియుండు నిల్వ కాదనియు, ఆకలి తీరినదని మెదడునకు కబురు పంపు అవయవమనియు మనకు తెలిసినది. స్థూలకాయులలో ఆ కబురు సమృద్ధిగా వెళ్ళుచున్నను మెదడు దానిని సరిగా వినిపించుకొనదు. మనోవ్యాధులకు మేము వాడు కొన్ని మందులు కూడ బరువును పెంచును. ఆ సంగతిని మందు వ్రాసినవాడే ముందుగా చెప్పని యెడల, కోలుకొనుచున్న బిడ్డ అద్దము చూచుకొని మందును మానివేయును. ఈ దోషము మా వైద్యులది.

ఇన్ని బాటలున్నను, వాని కూడలిలో నిలిచియున్నది నిందయే యని నా నిశ్చయము. 1961లో రిచర్డ్‌సన్ మొదలగువారు అమెరికాలోని పది, పదునొకండేండ్ల పిల్లలకు ఆరు బొమ్మలు చూపి, ఎవరు ఎక్కువ నచ్చిరో వరుస చెప్పుమనిరి. ఒకడు ఏ లోపము లేనివాడు; ఒకడు చంకకర్రలవాడు; ఒకడు చక్రాల కుర్చీలోనివాడు; ఒకనికి ఒక చేయి లేదు; ఒకని ముఖము వికృతము; ఒకడు లావైనవాడు. వేర్వేరు వర్గముల, వేర్వేరు ప్రాంతముల పిల్లలు చిట్టచివర నిలిపినది లావైనవానినే. 2003లో అదే పరీక్షను మరల చేసిరి. అప్పటికి లావైన పిల్లలు సంఖ్యలో ఎంతో పెరిగియుండిరి. అలవాటుచేత ఏవగింపు తగ్గవలసినది పోయి, మునుపటికంటె హెచ్చినది. ఆ యేడే కాలిఫోర్నియాలోని శాన్ డీగోలో తీవ్ర స్థూలకాయముతో చికిత్సకు వచ్చిన 106 మంది పిల్లలను వారి బ్రతుకు తీరునుగూర్చి అడుగగా, వారి యుత్తరములు క్యాన్సరునకు చికిత్స పొందుచున్న పిల్లల యుత్తరములకు సరితూగినవి. నిశ్చింతుడని మన మనుకొన్న బాలుడు ఇట్లున్నాడు.

నిందించిన సిగ్గుపడి తగ్గుదురు గదా యని పెద్దలు అనుకొందురు. నింద మందైన యెడల దానిని త్రాగినవారు తగ్గవలెను గదా! 2014లో ప్రకటితమైన పరిశీలన నొకదానిని వినుడు. పదేండ్ల బాలికలు 2,379 మందిని, "నీవు మరీ లావుగా ఉన్నావని నీతో ఎవరైన అన్నారా?" అని అడిగి, తొమ్మిదేండ్లు వారిని కనిపెట్టి చూచిరి. సగముకంటె ఎక్కువమంది అన్నారనిరి. అట్లు అనిపించుకొన్నవారు 19వ యేట స్థూలకాయులగు అవకాశము, అనిపించుకొననివారికంటె, ఒకటిన్నర రెట్లకు పైగా నున్నది. మొదట వారి బరువెంత యను దానిని లెక్కలో చేర్చుకొన్న పిమ్మటను ఆ భేదము నిలిచియే యున్నది. ఒకే బరువుగల ఇద్దరు బాలికలలో, మాట పడినదానికే పెరుగు అవకాశము ఎక్కువ. మాటకును మోత కలదు. ఇచట ఆ మోత కిలోలలోనే తేలినది. దీని మార్గము ఊహింపరానిది కాదు. మాటపడిన బిడ్డ ఆటస్థలమునకు పోదు, ఎందుకనగా పరుగెత్తినపుడే నవ్వెదరు. ఒక పూట తిండి మానును, మరుపూట ఎవరు చూడకుండ రెండు పూటలది తినును. తిన్నందుకు తన్ను తానే తిట్టుకొనును. ఆ తిట్టు ఆరకముందే మరల తినును.

నింద పరదేశమునుండి దిగుమతి యగుటయు కలదు. ఫిజీ దీవులలో నిండైన దేహమే అందమునకు గురుతుగా నుండెడిది. ఎవరైన తిండి తగ్గించి సన్నబడిన, మనవారివలెనే వారును కంగారుపడెడివారు. 1995లో నద్రోగా ప్రాంతమునకు టెలివిజన్ వచ్చినది. అది వచ్చిన క్రొత్తలోను, మూడేండ్ల పిమ్మట 1998లోను హార్వర్డు పండితురాలు ఆన్ బెకర్ అచటి ఉన్నత పాఠశాల బాలికలను పరీక్షించెను. తిండినిగూర్చిన మనోవికారము తెలుపు ప్రశ్నావళిలో ప్రమాదపు గీత దాటినవారు మొదట నూటికి 13 మందికి లోపుండగా, మూడేండ్లకు 29 మంది యైరి. ఒక పెట్టెలోని బొమ్మలు మూడేండ్లలో ఇంత చేయగలిగినచో, నేడు ప్రతి బాలిక అరచేతిలోను వెలుగుచు, ముఖమును నున్నగాను నడుమును సన్నగాను క్షణములో మార్చిచూపు ఫోను ఏమేమి చేయగలదో మీరే ఊహింపుడు.

మన యిండ్లను, మన విద్యాలయములను గూర్చి ఒక్క మాట చెప్పక ముందుకు పోజాలను. పదవ తరగతి దాటిన బిడ్డను హాస్టలులో చేర్చి, తెల్లవారుజామునుండి రాత్రి పొద్దుపోవువరకు స్టడీ అవర్లలో కూర్చుండబెట్టి, ఆటల గంటను లెక్కల గంటగా మార్చి, వారమునకొక పరీక్ష పెట్టి, ర్యాంకుల పట్టిక గోడకు అంటించు పద్ధతి మన రెండు తెలుగు రాష్ట్రములలోను వేళ్ళు పాతుకొన్నది. ఆదివారము చూడవచ్చిన తల్లి, బిడ్డ పడు పాటునకు తాను చేయగలిగినది మరేమియు లేక, స్వీట్ల పెట్టెయు బిర్యానీ పొట్లమును తెచ్చి పెట్టును. కదలిక లేదు, నిద్ర లేదు, భయము మాత్రము కడుపునిండ కలదు. దానికి తోడు ప్రేమ యంతయు పొట్లములలోనే వచ్చుచున్నది. రెండేండ్లకు ఆ బిడ్డ పది కిలోలు పెరిగి యింటికి రాగా, "అక్కడ చదివావా, తిన్నావా?" అని మనమే పరిహసింతుము. చరకుడు చెప్పిన నిశ్చింతత అచట ఏ మూలనున్నదో వెదకి చూడుడు.

మరియొక సంగతి. కొందరు లావైన పిల్లలకు మెడ వెనుకను చంకలలోను చర్మము నల్లబడి మందమగును. తల్లులు దానిని మురికి యనుకొని సున్నిపిండితోను పీచుతోను రక్తము చిమ్మునట్లు తోముటయు, "స్నానమైనా సరిగా చేయవు" అని గద్దించుటయు నేనెన్నిమారులో చూచితిని. అది మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయుట లేదని దేహము వ్రాసిన హెచ్చరిక. దానిని చదువవలసినచోట మనము తోముచున్నాము. ఆడపిల్లలలో నెలసరి క్రమము తప్పుట, గడ్డముపై వెండ్రుకలు వచ్చుట మొదలగు, పీసీఓఎస్ అను వ్యాధి లక్షణములును ఇట్లే నిందకు గురియగుచున్నవి. రోగచిహ్నము దోషముగా ఎంచబడిన క్షణముననే బిడ్డ దానిని దాచుట నేర్చును. దాచిన రోగము ముదురును.

పోనీ, స్థూలకాయము బిడ్డ దోషమేనా? 1986లో ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందము, డెన్మార్కులో దత్తు పోయి పెరిగిన 540 మందిని పరిశీలించినది. వారి దేహపు పరిమాణము, కన్న తల్లిదండ్రుల పరిమాణముతో సరిపోలినదే గాని, పెంచినవారితో ఏమాత్రము పోలలేదు. బీజస్వభావమను చరకుని మాటకు ఇది గట్టి సాక్ష్యము. అయినను బీజము ముప్పదియేండ్లలో మారునది కాదు. 4 లక్షలు కోటి పాతిక లక్షలగుటకు మారినది నేల – చవుకయైన నూనె, చక్కెర, మైదా, మాయమైన ఆటస్థలములు, తరిగిన నిద్ర. బీజమును బిడ్డ ఎన్నుకొనలేదు. నేలను చదును చేసినవారము మనము. మధ్యనున్న బిడ్డను మాత్రమే నిందించుట ఏ న్యాయము?

ఇట్లనుటచేత స్థూలకాయమును పట్టించుకొనవలదని నేను చెప్పుచున్నట్లు ఎవరును భావింపకుందురుగాక. యౌవనారంభముననే టైప్ 2 మధుమేహము, రక్తపుపోటు, కాలేయమున కొవ్వు చేరుట చూచుచున్న వైద్యుడెవడును ఆ మాట అనజాలడు. చికిత్స కావలెను, అది ఏ తీరున జరుగవలెననునదే విషయము. వైద్యులు, ఆహారనిపుణులు కనిపెట్టి చూచుచుండగా క్రమపద్ధతిని సాగిన చికిత్సలలో పిల్లల కుంగుబాటును ఆందోళనయు పెరుగక కొంత తగ్గినవని, పెక్కు పరిశీలనలను కూర్చి 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపిరి. తమంతట తాము గదిలో తలుపు వేసికొని చేయు ఉపవాసములు, ఫోనులో చూచి పట్టు పథ్యములు దీనికి విరుద్ధ ఫలమునిచ్చును. బరువును తూచి ఇంటికి చీటి పంపిన చాలునను తలంపును పరీక్షకు నిలువలేదు: కాలిఫోర్నియాలో 79 పాఠశాలలలో అట్లు చేసి చూడగా పిల్లల బరువు ఏమియు మారలేదు, తమ దేహముపై వారికున్న తృప్తి మాత్రము తగ్గినది.

కావున నా మనవులు నాలుగే. తల్లిదండ్రులారా, పథ్యము బిడ్డకొక్కదానికే పెట్టకుడు. కంచము మార్చిన ఇంటిల్లిపాదికిని మార్చుడు. రోజుకొక పూటయైన ఫోనులు ప్రక్కనపెట్టి కలిసి భుజింపుడు. ఆ పూట మార్కులను, బరువును, పెండ్లిని ప్రస్తావింపకుడు. ఉపాధ్యాయులారా, ఆటల గంటను ఎవ్వరికిని దానమియ్యకుడు. మారుపేరు మీ చెవిని పడిన దినముననే దానిని ఆపుడు, మీ నోట రానేరాకూడదు. నా తోడి వైద్యులారా, బరువు చూచిన ప్రతి బిడ్డనును నిద్ర యెట్లున్నది, బడికి పోబుద్ధి యగుచున్నదా, నిన్నెవరైన ఏడిపించుచున్నారా యని అడుగుడు. కుంగుబాటుతో వచ్చిన బిడ్డకు మందు వ్రాయునపుడు బరువును కూడ గమనింపుడు. 2014లో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమములో పోషణయు మానసికారోగ్యమును రెండును చేర్చియే యున్నవి. కాగితముపై కలిసిన యా రెంటిని ఆసుపత్రి గదిలో కలుపుట మన పని. వెనుక వరుసలలోని చిన్నవారలారా, మనసు బరువెక్కినప్పుడు చెప్పుకొనుటకు ఇంట ఎవ్వరును లేరనిపించిన, 14416 అను టెలీ మానస్ సంఖ్యకు ఏ వేళనైన ఫోను చేయుడు. మన భాషలోనే మాటలాడుదురు, రుసుము లేదు.

మా గురువుగారి తూకపు యంత్రము నేడు నా వైద్యశాలలో నున్నది. ముల్లు కొంచెము అరిగినది, రెండుమారులు బాగుచేయించితిని. తెరను మాత్రము తీయలేదు. ఈ సభకు వచ్చిన వైద్యులును, ప్రధానోపాధ్యాయులును రేపటి దినమున తమ తమ తూకపు యంత్రములను వసారాలనుండి లోపలి గదికి జరిపించినచో, ఈ స్మారకోపన్యాసము నెరవేరినదని తలంతును.